పైపుకు నువ్వు చుట్టిన ట్యూబు

ఏమయ్యా,

సరిగ్గా నీ సంవత్సరీకం నాడే వాషింగ్ మిషన్ కారింది. వంటగది దాకా నీళ్లు! పైపు పగులుకు నువ్వు చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క చీకిపోయింది. నీ తమ్ముడు చూసి, "మిషన్ పాతదైంది వదినా, పారేద్దాం. గివన్నీ నీకు తెల్వయ్" అన్నాడు. నువ్వూ అంతేగా, షాక్ కొడుతుందని నన్ను దాని వెనక్కి రానిచ్చేవాడివి కాదు.

"తెల్వకుంటే నేర్సుకుంట" అన్నాను. భోజనాలు కాగానే ఉప్పల్ వెళ్లి కొత్త పైపు తెచ్చాను. నీ ట్యూబును కత్తెరతో కోసి పారేశాను. క్లిప్పు నేనే బిగించాను. ఏడాదిగా ఉతకకుండా దాచిన నీ చొక్కానే మొదట వేసి తిప్పాను.

చుక్క కారలేదు. నమ్మకం లేకపోతే వచ్చి చూసుకో.