తాత కత్తి, తాత మచ్చ

మస్కట్‌లో ఉన్న అన్నయ్యకు, నిజ్వా నుంచి తమ్ముడి సలాములు.

తాత పెట్టెలో దొరికిన కత్తి ఏ యుద్ధానిదో కనుక్కోమన్నావుగా! ముసలి కమ్మరి ఖల్ఫాన్‌ను ఇంటికి పిలిచి చూపించాను. ఆయన ఊపగానే అది ఖర్జూరపు మట్టలా గజగజ వణికింది.

"దీనికి పదునేదిరా? ఇది ఆట కత్తి! పెళ్ళిళ్ళలో గాల్లోకి ఎగరేసి, కిందపడకుండా పిడి పట్టుకోవాలి. మీ తాత ఒక్కసారే పట్టుకోలేకపోయాడు."

"మరి ఆయన నుదుటి మీద మచ్చ? బందిపోట్లతో పోరాడినప్పటిది కదా?" అన్నాను.

లోపల్నుంచి నానమ్మ పకపకా నవ్వింది. "బందిపోట్లా, నా మొహమా! మా పెళ్ళిలోనేరా. కిటికీలోంచి నేనే చూశాను."

నువ్విక బడిపిల్లలకు ఆ యుద్ధకథ చెప్పడం మానెయ్. శుక్రవారం నీ పెళ్ళిలో నువ్వు ఎగరేయాల్సింది కూడా ఈ కత్తేనని నానమ్మ పట్టుబట్టింది. తలపాగా కాస్త మందంగా చుట్టుకుని రా.