పై పెట్టె పలకలేదు

ప్రియమైన అక్కకి,

నిన్న ఫోన్లో అంతా బాగానే ఉందన్నాను. పక్కనే నీ మరిది ఉన్నారు, ఇంకేమనగలను? ఇంట్లో మాటల్లేవు.

చూపు పోయాక ఆయన ప్రెస్సు పని ఇంటి నుంచే చేస్తున్నారు కదా. అచ్చుకు వెళ్ళబోయే పుస్తకాన్ని కంప్యూటర్ చదివి వినిపిస్తుంది. తప్పు చెవిన పడితే విడిగా రాసి పంపుతారు. వింటూ వింటూ వేలు తగిలి అసలు పాఠంలోనే అక్షరాలు పడిపోయేవి. ఓసారి పేరా మొత్తం ఎగిరిపోయింది. "ఇంకోసారైతే కష్టమండీ" అన్నాడు ప్రెస్సు యజమాని. సాఫ్ట్‌వేర్ రాసే పెళ్ళాం ఇంట్లో ఉండగా ఈ అవస్థ ఏమిటని ఆదివారం కూర్చుని చిన్న ప్రోగ్రాం రాశాను. తెర మీద పైన పాఠం ఉండే పెట్టె, కింద ఆయన రాసుకునే పెట్టె. పైదాన్ని పనిచేయని స్థితిలో పెట్టేశాను. అక్షరాలు బూడిదరంగుకు తిరిగాయి. ఏ మీట నొక్కినా చెక్కుచెదరలేదు. మురిసిపోయి మర్నాడు ఆఫీసుకెళ్ళాను.

సాయంత్రం వచ్చేసరికి కుర్చీలో అలాగే కూర్చుని ఉన్నారు. "పై పెట్టెలో ఏమీ రాలేదు. ప్రెస్సువాళ్ళు నన్ను మానిపించేసినట్టున్నారు."

అలా మూసేసిన పెట్టెలోకి కర్సర్ వెళ్ళదక్కా. అది వెళ్ళనిదే చదివే గొంతు పలకదు. కళ్ళున్నదాన్ని, నాకు తట్టనేలేదు.

"ఉంది, మీ చెయ్యి తగలకుండా మూశాను" అన్నాను.

"స్టవ్ దగ్గరికి రావద్దన్నావు. వీధిలోకి ఒక్కణ్ణే వెళ్ళొద్దన్నావు. ఇప్పుడు ఇది కూడానా? మానేస్తానని ప్రెస్సుకి చెప్పెయ్" అన్నారు. అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ మాట నేనింకా ప్రెస్సుకి చేరవేయలేదు. ఏం చెయ్యను?

నీ చిట్టి

అక్కా, నా బంగారు అక్కా,

"నన్నడిగితే ఏం లాభం, ఆయన్నే అడుగు" అని రాశావు. ముందు ఒళ్ళు మండింది. తర్వాత అడిగాను.

"ఎలా ఉండాలో మీరే చెప్పండి" అని పక్కన కూర్చున్నాను. "లోపలికి వెళ్ళనివ్వు. బాణం మీటలతో తిరగనివ్వు. కావాలంటే ఓ ముక్క కాపీ చేసుకుంటాను. మార్చనివ్వకు, అంతే" అన్నారు.

ఆ దారి ఉండనే ఉంది. పెట్టెను మూయక్కర్లేదు, 'చదవడానికి మాత్రమే' అని చెబితే చాలు. కర్సర్ తిరుగుతుంది, కొత్త అక్షరం పడదు, ఉన్నది పోదు. "పొరపాటున నొక్కితే టక్కుమనాలి. నొక్కింది నేనేనని నాకు తెలియాలి కదా" అన్నారు. అదీ పెట్టాను.

గొంతు మొదటి వాక్యం చదివినప్పుడు ఆయన ముఖం నువ్వు చూడాల్సింది! కాసేపటికి కావాలనే మీటలన్నీ కలిపి బాదారు. టక టక టక. "గట్టిదే!" అని నవ్వారు. కింది పెట్టెలో మొదట పట్టుకున్న తప్పు నాదే: "ఈ పెట్టె ఇరుగ్గా ఉంది. పెద్దది చెయ్యి."

మానేస్తారన్న సంగతి ప్రెస్సుకి చెప్పలేదని ఒప్పుకున్నాను. "తెలుసులే. చెప్పుంటే ఈపాటికి ఆ యజమాని బతిమాలుతూ ఫోన్ చేసేవాడు" అన్నారు. పొగరు చూడు! సోమవారం నుంచి ప్రెస్సుకే వెళ్తారట, బస్సులో, ఒక్కరే. నేను దింపుతానన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఇదిగో, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. "త్వరగా ముగించు. పోస్టు డబ్బాలో నేనే వేసొస్తాను" అంటున్నారు. మధ్యలో పెద్ద రోడ్డు దాటాలి. "సరే" అన్నాను. గొంతు వణక్కుండానే అన్నాననుకుంటా.

చిట్టి