ఇంటి దగ్గర చదువుకోవలసిన పాఠం

6 ఫిబ్రవరి 2004, శుక్రవారం

మాకు అన్యాయం జరిగింది. చేసింది మా సైన్స్ మాస్టారు నిత్యానందం గారు.

ఇవాళ మూడో పీరియడ్‌లో విసర్జన పాఠం అయిపోయింది. తర్వాతది ప్రత్యుత్పత్తి. ఆయన పుస్తకం వంక చూసి, ఇది తేలికేనమ్మా, ఇంటి దగ్గర చదువుకోండి, అనేసి ఆ పేజీలన్నీ ఒక్క దెబ్బకి తిప్పేసి బోర్డు మీద తర్వాతి పాఠం పేరు రాశారు. వెనక బెంచీల్లో మగపిల్లలు కావాలని దగ్గారు. ఆడపిల్లలు తలలు దించుకున్నారు. నేను లేచాను. పబ్లిక్‌లో ఇందులోంచి పెద్ద ప్రశ్న వస్తుంది కదండీ సార్ అన్నాను. కూర్చోమ్మా జాయ్సీ, గైడులో ఉంటుంది అన్నారు. ఎంత మెత్తగా అన్నారంటే, ఇంకో మాట మాట్లాడితే నేనే రౌడీలా కనిపిస్తాను. మా ఊళ్లో అన్యాయం కూడా అమ్మా అంటూనే చేస్తారు.

నా భయం నా గురించి కాదు. జ్యోత్స్న గురించి. పోయినేడు పదో తరగతిలో దానికి సైన్స్ ఒక్కటీ పోయింది. హెడ్మాస్టారిని బతిమాలుకుని మళ్లీ మా క్లాసులో, నా పక్కన కూర్చుంటోంది. ఈసారి పాసైతే ఏలూరులో నర్సు ట్రైనింగ్. తప్పితే రొయ్యల ప్లాంటు. వాళ్ల నాన్న దేవరాజు మావయ్య సూపర్వైజరుతో ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. వాళ్లక్క అందులోనే చేస్తోంది, రొయ్యల తలలు తీసే పని. ఐసులో చేతులు నాని నాని వేళ్లు పగిలిపోయి, కూర కారంగా ఉన్న రోజు చెంచాతో తింటుంది.

జ్యోత్స్న ఇవాళ ఇంటికొచ్చే దారంతా ఒకటే అడిగింది. ఈ పాఠం వదిలేసినా పాసవుతామా అని. నేను చెరువు గట్టు మీద ఉన్న కొంగని రాయి పెట్టి కొట్టాను. తగల్లేదు.

8 ఫిబ్రవరి, ఆదివారం

చర్చి నుంచి రాగానే గైడు తీశాను. తాడేపల్లిగూడెం వెళ్లినప్పుడు నాన్నని పీడించి కొనిపించుకున్న గైడు. 'స్త్రీ ప్రత్యుత్పత్తి వ్యవస్థ పటము గీసి వివరింపుము.' జవాబు: పటమునకు పాఠ్యపుస్తకము చూడుము. మోసం!

పాఠ్యపుస్తకం చూశాను. పటం ఉంది. కొమ్ములు చాచిన ఎద్దు తలకాయలా ఉంది. ఇది నా లోపల కూడా ఉంటుందంటే నమ్మబుద్ధి కాలేదు.

అమ్మ వెనకనించి చూసి ఏవిటే ఆ బొమ్మ అంది. పరీక్షకే అన్నాను. ఆదివారం పూట ఇదేం చదువే, తెలుగు చదువుకో అంది. తెలుగులోనే ఉందమ్మా అన్నాను. వీపు మీద ఒకటి పడింది.

నేను ఊరుకోను. ఏలూరు బస్టాండు బయట బల్ల మీద పరిచి అమ్మే చిన్న పుస్తకాలు నా పెట్టె నిండా ఉన్నాయి. గ్రహణాలు, చేతబడి, నీళ్లు మరిగించడం, ఆడపిల్లల చదువు. ప్రశ్నించని వాడికీ గోడకీ తేడా లేదని ఒకదాని అట్ట మీద రాసి ఉంది. తెలిసినవాళ్లు చెప్పకపోతే తెలియనివాళ్లమే కూర్చుని తెలుసుకుంటాం. బాలికల విజ్ఞాన సంఘం పెడుతున్నాను.

11 ఫిబ్రవరి, బుధవారం

సంఘంలో ఇప్పటికి ఇద్దరం. అందులో జ్యోత్స్న రానంటోంది.

14 ఫిబ్రవరి, శనివారం, సాయంత్రం

జయం!

చర్చి వరండాలో కూర్చోవడానికి చర్చి పెద్ద ఎలీయాజరు తాతయ్యని అడిగాను. ఏం చదువుతారే అన్నాడు. సైన్సండి అన్నాను. చదువుకోండి, చెప్పులు మాత్రం బయట అన్నాడు. నాతో, జ్యోత్స్నతో కలిపి ఏడుగురం అయ్యాం. చాకిరేవు వీధి నుంచి మా క్లాసు గంగాభవాని కూడా వచ్చింది. చర్చిలోకి రావచ్చా అని మెట్ల దగ్గరే నిలబడిపోతే చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

పుస్తకం తెరిచాను. పటం అందరికీ చూపించాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. గంగాభవాని ఓణీ కొంగు నోట్లో కుక్కుకుంది. అది నవ్వితే అందరూ నవ్వుతారు. సరిగ్గా అప్పుడు నాకు నాన్న పనిచేసే చేపపిల్లల హేచరీ గుర్తొచ్చింది.

ఇక ఆగలేదు నేను. వానాకాలంలో హేచరీలో ఏం చేస్తారో మీరందరూ చూశారు కదే అన్నాను. సాయంత్రం తల్లి చేపలకీ పోతు చేపలకీ ఇంజక్షన్ చేసి తొట్టిలో వదులుతారు. తెల్లారేసరికి తల్లి గుడ్లు వదులుతుంది, పోతు పాలు వదులుతుంది. నీళ్లలో రెండూ కలుస్తాయి. అదే ఫలదీకరణ. ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లల్ని హాపాలోకి, అంటే నీళ్లలో కట్టిన గుడ్డ సంచిలోకి పడతారు. అందరూ తలలూపారు. శీలావతి చేప పొట్ట నొక్కితే గుడ్లు రావడం తను కళ్లారా చూశానని గంగాభవాని చెప్పింది. మాస్టారి కంటే నువ్వే నయమే అంది.

జ్యోత్స్న అంతా రాసుకుంది. మరి మనుషుల్లోనో అంది. అదే సూత్రం అన్నాను. ప్రకృతి అంతటికీ సూత్రం ఒకటే, చిన్న పుస్తకంలో ఉంది.

20 ఫిబ్రవరి, శుక్రవారం

ప్రీఫైనల్ సైన్స్ పేపరు. 'మానవునిలో ఫలదీకరణ ఎక్కడ, ఎట్లు జరుగును?' వచ్చింది! అయిదు మార్కులు. జ్యోత్స్న అడిషనల్ షీటు అడిగి తీసుకుంది. బయటికొచ్చి నా చెయ్యి గట్టిగా నొక్కింది. నిత్యానందం మాస్టారూ, చూసుకోండి ఇక.

27 ఫిబ్రవరి, శుక్రవారం

ఈ డైరీ చింపేయాలనిపిస్తోంది.

పేపర్లు ఇచ్చారు. మా ఏడుగురికీ ఆ ప్రశ్నకి సున్నా. మాస్టారు ఏమీ అనలేదు. అనాలంటే ఆ మాట నోటితో అనాలి కదా. ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, పేపర్లు బల్ల మీద పెట్టి, ఎవరివి వాళ్లు తీసుకోండమ్మా అని బయటికి వెళ్లిపోయారు. చంటి అని మా క్లాసులో ఒక వెధవ ఉన్నాడు, వాడు జ్యోత్స్న పేపరు లాక్కుని బెంచీ ఎక్కి చదివాడు. మానవునిలో ఫలదీకరణ నీటిలో జరుగును. తల్లి గుడ్లను విడుదల చేయును. తండ్రి పాలు విడుదల చేయును. పిల్లలను హాపాలో పెంచుదురు.

క్లాసంతా బల్లలు బాదారు. ఒరే, నువ్వు ఏ చెరువులో పుట్టావురా అని ఒకడు. మా నాన్నకి ఈత రాదురా, నేనెలా పుట్టానురా అని ఇంకొకడు. జ్యోత్స్నా, మీ ఇంట్లో హాపా ఎక్కడ కట్టారే అని చంటి. గంగాభవాని వాడి మీదికి డస్టర్ విసిరింది. నేను వాడి చొక్కా పట్టుకున్నాను. ఎక్కడ జరుగుతుందో నువ్వు చెప్పరా అయితే అన్నాను. కడుపులో అన్నాడు. కడుపులో ఎక్కడ్రా అన్నాను.  వాడి పేపరు లాక్కుని చూశాను. గర్భాశయం అని రాశాడు. దాని మీదా ఎర్ర గీతే. తెలియక నవ్వాడు వాడు. తెలియకుండానే పాఠం చెప్పాను నేను.

అప్పటికే జ్యోత్స్న క్లాసులో లేదు.

28 ఫిబ్రవరి, శనివారం

జ్యోత్స్న బడికి రాలేదు. వాళ్లింటికి వెళ్లాను. దేవరాజు మావయ్య అరుగు మీద వల అల్లుకుంటున్నాడు. కేకలేస్తాడనుకుని నేనూ కేకలెయ్యడానికి సిద్ధపడి వెళ్లాను. ఆయన పీట వేసి కూర్చోమ్మా అన్నాడు. మజ్జిగ ఇమ్మన్నాడు. తర్వాత చెప్పాడు. ఒకసారి తప్పితే చదువు రాలేదన్నారమ్మా, ఓర్చుకున్నాను. ఇప్పుడు నా కూతురి రాత ఊరంతా చెప్పుకుని నవ్వుతున్నారు, చెరువు మీద నన్ను కూడా హాపా ఎక్కడ కట్టావని అడిగారు. ఇక పరీక్ష వద్దులే, ఎలాగూ తప్పుతుంది, ఎనిమిదో తారీఖు సోమవారం నుంచి ప్లాంటు వ్యాను ఎక్కుతుంది. అంతా అమ్మా అమ్మా అంటూనే. నేను మజ్జిగ తాగి గ్లాసు పక్కన పెట్టాను. 

జ్యోత్స్న పెరట్లో ఉంది. సారీ అన్నాను. సమాజం అన్నాను, పోరాటం అన్నాను. అది అంట్లు తోముతూనే ఉంది. చివరికి తలెత్తి అంది. మాస్టారు పిరికివాడని నువ్వే అన్నావు కదే. ఆయన పేజీలు తిప్పేశాడు. నువ్వు పేజీ మీద చేపల్ని పరిచావు. నీకూ నోరు రాలేదు. ఆయన చెప్పలేదని ఒప్పుకున్నాడు, నువ్వు చెప్పానన్నావు.

వాదనలో నన్ను ఎవరూ గెలవలేరని మా నాన్న అంటాడు. నేను లేచి వచ్చేశాను.

29 ఫిబ్రవరి, ఆదివారం

లెంటు దినాల్లో, అంటే ఈస్టర్‌కి ముందు నలభై ఉపవాస రోజుల్లో, వరండా ప్రార్థనలకే అని ఎలీయాజరు తాతయ్య ప్రకటనల్లో చదివాడు. చదువుతూ నా వంకే చూశాడు.

1 మార్చి, సోమవారం

స్టాఫ్ రూముకి వెళ్లాను. మాస్టారు ఒక్కరే ఉన్నారు, టిఫిన్ డబ్బా కడుక్కుంటున్నారు. ఆ పాఠం చెప్పండి సార్ అన్నాను. ఇప్పుడా అన్నారు. ఇప్పుడే అన్నాను, జ్యోత్స్న సంగతి మొత్తం చెప్పాను.

ఆయన డబ్బా తుడుస్తూ, గణపవరం వైపు పనిచేసేటప్పుడు చెప్పానమ్మా ఒకసారి అన్నారు. పటం బోర్డు మీద గీశాను. మర్నాడు నలుగురు పెద్దమనుషులు వచ్చి, ఏవండీ మాస్టారూ, మా పిల్లలకి ఏం నేర్పుతున్నారండీ అని ఎంతో మర్యాదగా అడిగారు. నెల తిరక్కుండా ట్రాన్స్‌ఫరు. నాకూ ఇద్దరు ఆడపిల్లలమ్మా, వాళ్లకే చెప్పలేదు.

నేను తిట్టడానికి తెచ్చుకున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు. అందుకు ఇంకా కోపం వచ్చింది. అయినా చెప్పండి సార్ అన్నాను. ఆయన నవ్వారు. మీ అమ్మలు వచ్చి ముందు బెంచీలో కూర్చుంటే చెబుతాను, పోమ్మా అన్నారు.

కుదరదని చెప్పడానికి అన్న మాట అది. సరేనండి అని వచ్చేశాను.

3 మార్చి, బుధవారం

ఈ రెండు రోజుల్లో అడిగిన వాళ్లు: గంగాభవాని అమ్మ, మా పిన్ని, కుళాయి దగ్గర దొరికిన ప్రతి మనిషీ. సిగ్గులేదటే అంది ఒకావిడ. మాకిప్పుడెందుకమ్మా ఆ చదువు, అయిపోయిందిగా అంతా అన్నారు వెంకటలక్ష్మి గారు. అందరూ నవ్వారు. బిందెలు నింపుకుని వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి అమ్మని అడిగాను. నలుగుర్ని కన్నాను, నన్ను తీసుకెళ్లి బడిలో కూర్చోబెడతావా అంది. కన్నావు గానీ ఎలా కన్నావో నీకు తెలుసా అన్నాను. చేటలో బియ్యం చేటలోనే ఉండిపోయాయి. అమ్మ కొడితే బాగుండేది.

4 మార్చి, గురువారం

ఇది జరిగింది జరిగినట్టు రాయాలి.

బడి నుంచి వచ్చేసరికి అమ్మ నా సైన్స్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ పేజీయే. నన్ను చూసి మూయలేదు. ఇందులో నాకు కోసింది ఏదే అంది.

నాకు అర్థం కాలేదు. ఆపరేషనే అంది. తమ్ముడు పుట్టాక క్యాంపుకి జీపులో తీసుకెళ్లారు కదా, ఈ వీధిలో ఆడవాళ్లందరం కలిసే వెళ్లాం. ట్యూబ్ అన్నారు. ఏ ట్యూబో, ఎక్కడుంటుందో అడిగితే ఏమనుకుంటారో అని అడగలేదు.

సున్నా వచ్చిన రాత్రే ఆ పాఠం మొత్తం చదివాను కాబట్టి, పటంలో ఆ ఎద్దు కొమ్ము మీద వేలు పెట్టాను. ఇదమ్మా అన్నాను. ఫాలోపియన్ నాళం. అండాశయం నుంచి అండం ఇందులోకి వస్తుంది. శుక్రకణాలు గర్భాశయం లోంచి పైకి వచ్చి ఇక్కడే దాన్ని కలుస్తాయి. ఇక్కడే, అమ్మా. కలిశాక కిందికి దిగి గర్భసంచిలో పెరుగుతుంది. ఇది కోస్తే అవి కలవవు, అందుకే పిల్లలు పుట్టరు. చెప్పేశాను. మొత్తం, ఆగకుండా, మా అమ్మ ముఖం చూస్తూ. చేప అనలేదు. సగం దాటాక తెలిసింది, నేను చెబుతున్నది ఆ అయిదు మార్కుల జవాబేనని.

ఇంతేనా అంది అమ్మ. నడుం నొప్పి వచ్చినప్పుడల్లా లోపల కట్టిందేదో ఊడిపోయిందని భయపడి చస్తున్నానే ఇన్నాళ్లూ అంది. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. మూడోసారి అమ్మే వేలు పెట్టి చెప్పింది. నాళంలో, అని.

తర్వాత కొంగు దోపుకుని పుస్తకంతో సహా జ్యోత్స్న వాళ్లింటికి నడిచింది. సరోజా, నీకు ఏం కోశారో నీకు తెలుసా అని వాళ్లమ్మని గుమ్మంలోంచే అడిగింది. దేవరాజు మావయ్య వల వదిలేసి పెరట్లోకి వెళ్లిపోయాడు. సరోజత్త నాకూ చూపించు వదినా అంది. దీపాలు పెట్టే వేళకి వెంకటలక్ష్మి గారు కూడా ఆ అరుగు మీదే ఉన్నారు.

అమ్మ పరీక్ష మాట ఎత్తితే దేవరాజు మావయ్య అన్నది ఇదీ: మాస్టారు నిజంగా చెబితే, సరోజ విని వచ్చి సరిగ్గా ఉందంటే, పిల్ల పరీక్ష రాస్తుంది. చెప్పకపోతే సోమవారం వ్యాను. జ్యోత్స్న నాతో మాట్లాడలేదు. కానీ పుస్తకం చుట్టూ మూగినవాళ్లలో తలదూర్చి ముందుకొచ్చింది.

5 మార్చి, శుక్రవారం

మాస్టారికి చెప్పాను. నిజంగా వస్తారామ్మా అన్నారు. చేతిలో సుద్దముక్క రెండుగా విరిగింది. తప్పకుండా వస్తారండి అన్నాను. ఎంతమంది వస్తారో నాకూ తెలియదు. ఇది రేపు పొద్దున్నే కుళాయి గోడ మీద అంటిస్తాను:

ఆపరేషన్ అయిన అమ్మలారా! మీకేం కోశారో మీరు తెలుసుకోవాలి. హైస్కూలు, పదో తరగతి గది. ముందు బెంచీలు మీవే. కూతుళ్లని తీసుకురండి, కొడుకుల్ని కూడా. చంటీ, మీ అమ్మని తీసుకుని నువ్వూ రారా.

శనివారం. సాయంత్రం నాలుగింటికి.