తొక్కు చెల్లె

నవంబర్ 4, మంగళవారం

ఎడమ మోకాలు మళ్లీ మొండికేసింది. ఎడపల్లి దగ్గర క్లచ్ తొక్కబోతే కాలు సగంలో ఆగిపోయింది. అప్పటికే అన్న గేరు లాగాడు. బండి గరగరమని అరిచింది. ఏమైంది చెల్లె అన్నాడు. చెప్పు జారిందన్నాను. అబద్ధం.

వారానికి మూడుసార్లు బోధన్ నుంచి నిజామాబాద్‌కు మా అన్న మల్లికార్జున్‌ను డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. డ్రైవింగ్ నాది. పూర్తిగా నాది కాదు. కిడ్నీలు పాడయ్యాక అన్నను స్టీరింగ్ పట్టొద్దన్నాడు డాక్టర్. అప్పుడు, నాకు యాభై దగ్గర పడ్డాక, డ్రైవింగ్ నేర్పాడు. నేను గేరు కోసం కిందికి చూస్తే బండి పొలం వైపు పోయేది. విసుగొచ్చి, నువ్వు రోడ్డు సూడు, క్లచ్ తొక్కు, గేరు నేనేస్త అన్నాడు. అదే అలవాటైంది. పక్క సీట్లోంచి తొక్కు చెల్లె అంటాడు. నేను తొక్కుతాను. ఆయన కుడిచేత్తో గేరు మారుస్తాడు. ఇప్పుడు నాకూ వెయ్యడం వచ్చు. ఆయన ముందు మాత్రం రాదు.

చెరుకు తోట కౌలుకిచ్చాడు. బీడీ మానేశాడు. మంచినీళ్లు కూడా కొలిచి తాగుతాడు. ఆయన చేతిలో మిగిలింది ఆ గేరు రాడ్ ఒక్కటే.

నవంబర్ 11, మంగళవారం

అంకితకు దొరికిపోయాను. నేను కుంటుతూ దవాఖాన మెట్లు దిగుతుంటే చూసింది. నా కూతురే, నిజామాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. తన ఆటోమేటిక్ కారు నన్ను తీసుకోమంది, మా పాత బండి తను నడుపుకుంటుందట. ఆటోమేటిక్ ఎంత హాయో పెద్ద క్లాసు పీకింది. ఎడమకాలికి పనే ఉండదట. హాయి కావాలంటే ఇంట్లో మంచం ఉంది కదా. బండి నడపడమంటే ఎత్తు రాకముందే ఇంజన్‌కు ఏం కావాలో మనకు తెలియడం. గేరు సరిగ్గా పడితే అన్న ఆఁ అంటాడు. నేను నడిపేది ఆ ఆఁ కోసం. ఇది దానికి ఎలా చెప్పను?

కానీ కాలు అడ్డం తిరిగితే ఇద్దరం పోతాం. అదీ నిజమే.

నవంబర్ 13, గురువారం

బండ్లు మార్చుకున్నాం. అన్న ఎక్కగానే కిందికి చూసి, క్లచ్ ఏదే అన్నాడు. లేదన్నాను. మరి నాకేం పని అన్నాడు. దవాఖాన దాకా కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. కారు మాత్రం మెత్తగా, చప్పుడు లేకుండా పోయింది. దానికి ఇంకా మండింది నాకు.

నవంబర్ 15, శనివారం, మధ్యాహ్నం

పొద్దుటి భయం ఇంకా పోలేదు. రాసి పడేస్తే తగ్గుతుందేమో.

పొద్దున జానకంపేట దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. అంచున వరసగా రాళ్లు. ఎదురుగా లారీ. వెనక రెండు ట్రాలీల చెరుకు ట్రాక్టర్. పాత బండిలో అయితే అది మూడో గేరు నుంచి రెండుకు దింపే చోటు. అన్న నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది, తొక్కు చెల్లె అని. నా ఎడమకాలు నన్ను అడగకుండానే లేచి తొక్కింది. అక్కడ ఉన్నది బ్రేకు. క్లచ్ తొక్కినంత బలంగా తొక్కాను. కారు పాతేసినట్టు ఆగింది.

ట్రాక్టర్ అతను వడ్ల మీదికి తిప్పాడు. రాళ్లు ఎగిరాయి. చెరుకు గడలు మా కారు మీద పడ్డాయి. దిగొచ్చి, నీకు బండెవడిచ్చిండు అని తిట్టాడు. తిట్లు పడ్డాను. తప్పు నాదే.

అన్న ఎడమచెయ్యి డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. ఫిస్టులా ఉన్న చెయ్యి. డయాలసిస్ సూదులు గుచ్చేది అక్కడే. చర్మం కింద రక్తం ఎప్పుడూ జుమ్మంటూ ఉండాలి. అది ఆగిందంటే ఆ చెయ్యి ఇక పనికిరాదు. అన్న వేళ్లు పెట్టి చూసి, తెలుస్తలేదు అన్నాడు. నేను పెట్టాను. నా వేళ్లే వణుకుతుంటే ఏం తెలుస్తుంది? ఇంజన్ ఆపి చెవి ఆనించాను. వడ్ల రైతు వచ్చి అరుస్తుంటే నోరు మూసుకోమన్నాను. అప్పుడు వినిపించింది. ఎక్కడో దూరంగా ఆగి ఉన్న బండి ఇంజన్ లాగా, సన్నగా. ఉన్నది అన్నా, ఉన్నది అని ఏడ్చేశాను.

నర్స్ చూసి ఏం కాలేదంది. వచ్చేటప్పుడు అన్న వెనక సీట్లో కూర్చున్నాడు.

నవంబర్ 18, మంగళవారం

రానన్నాడు. నా నోరు ఊకోదు, నీ కాలు ఊకోదు, ఒక్కనాడు ఇద్దరం పోతం అన్నాడు. ఆటో పిలుస్తానన్నాను. నన్ను మూట లెక్క ఏస్కపోవుడు వద్దు, ఇడిసిపెట్టు అన్నాడు. అయితే చావు అని వచ్చేశాను. గేటు దాటకముందే బాధేసింది. అయినా వెనక్కి తిరగలేదు.

నవంబర్ 19, పొద్దున

వదిన ఫోన్ చేసింది. అన్న కాళ్లు ఉబ్బాయట. పడుకుంటే ఆయాసమట.

నవంబర్ 19, సాయంత్రం

అంకిత వచ్చింది. తిడుతుందనుకున్నాను. నన్ను కార్లో కూర్చోబెట్టి గేరు రాడ్‌ను పక్కకు నెట్టింది. మీటర్ల మధ్య ఎం అని అక్షరం పడింది. ఇక రాడ్ ముందుకో వెనక్కో నెట్టి మనమే గేరు మార్చుకోవచ్చట, క్లచ్ లేకుండా. ముందే చెప్పి ఏడవచ్చు కదే అన్నాను. అది ఎవరూ వాడరమ్మా అంది.

నవంబర్ 20, గురువారం

అన్న మంచం దగ్గర నిలబడి, ఈ బండికి కూడా గేర్లున్నాయి, నాకు వెయ్య రాదు, నువ్వు వస్తేనే కదులుతుంది అన్నాను. నన్ను తేరిపారా చూశాడు. నా అబద్ధాలు చిన్నప్పటి నుంచీ ఆయనకు తెలుసు. అయినా లేచాడు. వదిన పట్టుకుంటే వచ్చి పక్క సీట్లో ఎక్కాడు.

ఇక బండిలో తొక్కు అనే మాట బంద్. నా ఎడమకాలి చెప్పు విప్పించి, కాలు వెనక్కి గుంజుకోమన్నాడు. ఊరు దాటాక రెండు వేశాడు. తర్వాత మూడు. గేరు కాస్త ఆలస్యంగా పడింది. అన్నం తినలేదా ఇది, గింత సుస్తుగున్నది అని కారును తిట్టాడు. ఆయాసపడుతూనే తిట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎడపల్లి దగ్గర ఎత్తులో రెండుకు దింపాడు. సరిగ్గా పడింది.

ఆఁ అన్నాడు.

నవంబర్ 22, శనివారం

వస్తుంటే అన్న నిద్రపోయాడు. గురక. చెయ్యి గేరు రాడ్ మీదే ఉంది. బండి మూడులో ఉంది. ఇంజన్ గోల పెట్టింది. వెనకవాళ్లు హారన్లు కొట్టారు. గేరు నాది కాదు. బోధన్ దాకా మూడులోనే వచ్చాను.