నిండు గిన్నె

ప్రియమైన సైరాకన్ అక్కకు,

బెక్తుర్ సలాములు. ఎర్ర గుర్రం ఈనింది. నన్ను పాల సంఘానికి డైరెక్టరును చేశారు. ముగ్గురం ఉన్నాం, ముగ్గురమూ ఒప్పుకుంటేనే ఏ పనైనా. ఓమ్స్క్ నుంచి కొత్తగా వచ్చిన మేనేజరు జినాయిదా, పాలు చల్లబరిచే ట్యాంకు కొందామంది. మొదటి సమావేశంలోనే నా గిన్నెలో చాయ్ అంచుదాకా పోసింది. తాగి బయటికి నడు అనేగా? ఈ నెరిసిన గడ్డానికి అదా మర్యాద? ముట్టకుండా లేచి వచ్చేశాను. ట్యాంకుకు ఒప్పుకోలేదు.

నీ తమ్ముడు,
బెక్తుర్

ప్రియమైన తమ్ముడూ,

మా ఉన్ని సంఘంలో నేనూ డైరెక్టరుగా చేసినదాన్నే, అందుకని అడుగుతున్నా. మిగతా ఇద్దరి గిన్నెల్లోకి చూశావా? పోయిన వేసవిలో పాలు విరిగి కుక్కలకు పోశామని రాసింది నువ్వే. మరి ట్యాంకు గురించి ఏం అడిగావు? ఏమీ అడిగి ఉండవు. చిన్నప్పుడూ అంతే, అలిగి గుర్రమెక్కేవాడివి. వెళ్ళి ఆమెకు నీ చేత్తో చాయ్ పొయ్యి.

అక్క

అక్కా,

నీ మాట విని చెడ్డాను. గౌరవంగా సగం గిన్నె పోసి ఇచ్చాను. ఆమె ముఖం కందిపోయింది. "సగం గిన్నెకు సరిపోయే మనిషినా నేను, పెద్దాయనా?" అని లేచిపోయింది. ఉద్యోగం మానేసి ఓమ్స్క్ వెళ్ళిపోతుందట. ఎండలు ముదురుతున్నాయి. సగం పోస్తే తిట్టినట్టు ఎలా అవుతుంది?

బెక్తుర్

ప్రియమైన మొండివాడికి,

నన్నెందుకు అడుగుతావు? ఆమెనే అడుగు.

అక్క

ప్రియమైన అక్కకు,

అడిగాను. బట్టలు సర్దుకుంటోంది. వాళ్ళ ఊళ్ళో గిన్నె నింపకపోతే పిసినారి అంటారట. ఇక్కడ సగమే పోస్తాం, చల్లారకుండా మళ్ళీ మళ్ళీ పోస్తూ కూర్చోబెట్టుకోవడానికి అని చెప్పాను. "అయితే మొదటిరోజే మిమ్మల్ని గెంటేశానన్నమాట" అంది. నవ్వలేక చచ్చాం.

అడగడం మొదలెట్టాక నా నోరు ఆగలేదు. కరెంటు పోతే ట్యాంకు సంగతేమిటన్నాను. తన భయమూ అదేననీ, చెబితే మేం కొనమని దాచాననీ ఒప్పుకుంది. అది తప్పని ముఖం మీదే అన్నాను. మాలో ఒక డైరెక్టరు ఇంట్లో జనరేటరు ఊరికే పడి ఉంది, ఇస్తానన్నాడు. ముగ్గురమూ ఒప్పుకున్నాం. ట్యాంకు వచ్చింది. ఈ ఎండల్లో కూడా పాలు విరగలేదు.

ఇప్పుడు నాకు సగమే పోస్తుంది. నిన్నటి సమావేశంలో ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ పోయాను, పొద్దు వాలింది. జినాయిదా లేచి వచ్చి, నా గిన్నె అంచుదాకా నింపింది.

తాగేసి ఇంటికొచ్చాను.

నీ తమ్ముడు,
బెక్తుర్