తలుపుల రంగు

మంగళవారం, ఆగస్టు పదకొండు

వదినకి,

నీ ఆడపడుచు నమస్కారం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను బతికే ఉన్నాను. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? కంటి ఆపరేషన్ అయిందట, చుక్కలు మానకుండా వేసుకుంటున్నావా? మా మేనకోడలికి ఆయాసమని విన్నాను, దాన్ని చల్లగాలికి తిరగనివ్వకు. అల్లుడుగారు కులాసాయేనా? మనవరాలికి పళ్ళు ఊడుతున్నాయట, నిద్రలో మింగేస్తారు, కాస్త కనిపెట్టుకుని ఉండు. మేనకోడల్ని పసిగుడ్డుగా చూడటమే, మిగతావాళ్ళని నేను చూడనే లేదు, నిజమే. దిగులు పడటానికి చూసే ఉండాలా ఏం?

ఇవన్నీ నాకు బొమ్మల డాక్టరు చెప్పింది. మ్యూజియంలో పాత బొమ్మలు బాగుచేసే పిల్లని నేను అలా పిలుస్తాను. నలభై మూడేళ్ళుగా మాకు దొరకని నీ అడ్రసు, ఆ పిల్ల నాలుగు రోజుల్లో పట్టేసింది.

సంగతి అన్నయ్య వేసిన వాగు బొమ్మ గురించి. మన బోర్డులు రాసే కొట్టుకి సెలవున్న రోజల్లా వాగు ఒడ్డున కూర్చుని వేశాడే, అది. నువ్వు వెళ్ళాక అమ్మేశాడు. పన్నెండేళ్ళు ఒక పళ్ళ డాక్టరు వరండాలో, దవడలు పట్టుకుని కూర్చున్నవాళ్ళ ఎదురుగా వేలాడింది. ఎవరో పెద్దమనిషి కంటపడి మ్యూజియంకెళ్ళింది. ఇప్పుడు బిస్కెట్ డబ్బాల మూతల మీదా అదే, పిల్లల పాఠంలోనూ అదే. మనిషన్నవాడు లేని పొలమట, ఆ ఒంటరి గడ్డివాము మీది రంగు బీటలు చూస్తే ఎండ ఒంటికి తగులుతుందట. బాగా చదువుకున్నవాళ్ళు ఆ బీటల ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నారట. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

అన్నయ్యకి సన్మానం చేసినప్పుడు ఆ బొమ్మ దగ్గరే ఫొటో తీశారు. బొమ్మకి వీపు పెట్టి నిలబడ్డాడు, ఒక్కసారీ తిరిగి చూడలేదు. ఎంత వినయమో అన్నారు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. నీకు కబురు చెయ్యలేకపోయాను.

ఇప్పుడు ఆ బొమ్మకి ఎక్స్‌రే తీశారు. నా మోకాలికి తియ్యమంటే నెల తిప్పారు, గుడ్డ మీది రంగుకి ఇట్టే తీశారు. గడ్డివాము కింద ఒక ఆడమనిషి కనబడింది, చంకలో పసిపిల్ల. ఎవరని బొమ్మల డాక్టరు అడిగింది. వయసు మీద పడింది, జ్ఞాపకం లేదన్నాను. నమ్మలేదు, తనే ఆరా తీసి నిన్ను పట్టుకుంది.

బొమ్మ వేసినవాడే కప్పేసి ఉంటే అలాగే ఉంచేస్తారట. వేరే చెయ్యి పడి ఉంటే గడ్డివాము గీకేసి కింది మనిషిని బయటికి తీస్తారట. అది తేల్చేది నీ మాట. ఈ నెల ఇరవై రెండున డాక్టరు నీ దగ్గరికి వస్తోంది.

వదినా, ఎందుకైనా మంచిది, నీకు తెలిసిందే చెప్పు. అన్నయ్య పొరుగూరు పనికి వెళ్ళిన రోజు నేను నిన్ను చెయ్యి పట్టుకుని ఆ బొమ్మ ముందుకి తీసుకెళ్ళాను కదా. "నీ మొహం చూడలేక కప్పేశాడు, ఇంక నీ దారి నువ్వు చూసుకో" అన్నాను కదా. నువ్వు ఏడవను కూడా లేదు. పొయ్యి మీద అన్నం దించి, పిల్లని ఎత్తుకుని మరీ వెళ్ళావు. బొమ్మల డాక్టరుకి అదే చెప్పు. ఆయనే కప్పాడను, గీకొద్దను. అంతమంది ముచ్చటపడ్డ గడ్డివాము. ఈ వయసులో నీ మొహం బయటపెట్టుకుని ఏం చేసుకుంటావు? ఊరంతా ఆరా తీస్తారు, మేనకోడలికి ఆయాసం ఎక్కువవుతుంది.

కోడి కెలికినట్టున్న రాత, ఓపిగ్గా చదువుకో. చుక్కలు మర్చిపోకు.

ఇట్లు,
నీ ఆడపడుచు

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. డాక్టరు ఇంకో మాట అంది. గడ్డిపోచలు గీసిన చెయ్యి ఎడమ చెయ్యట. పైన పూసింది తలుపులకి వేసే రంగట, కింది రంగు ఆరకముందే వేశారట, బీటలివ్వక ఏమవుతుంది అంది. ఇది నీ చెవిన పడితే నీకు నిమిషం పట్టదు. మన కొట్లో ఎడమచేతి వాటం నాకొక్కదానికే.

నేనే పూశాను. చిన్నప్పటినుంచీ అన్నయ్యకి రంగులు నూరింది నేను. నువ్వొచ్చిన వారానికే ఆ నూరే రాయి నీ ముందు పెట్టాడు. బొమ్మలో వాగుని పెట్టాడు, విరిగిన బండిని పెట్టాడు, నిన్నూ పిల్లనీ పెట్టాడు. ఎండలో అన్నం మోసుకెళ్ళిన నన్ను పెట్టలేదు.

అన్నయ్య పొరుగూరు నుంచి తిరిగొచ్చాక ఆయనతో, నువ్వే రంగు డబ్బా మూత తీసి నిన్ను నువ్వు పూసేసుకుని పోయావని చెప్పాను. రెండు రోజులు బొమ్మ ముందు నుంచి లేవలేదు. "నేనంటే అంత అసహ్యమా దానికి" అన్నాడు. ఆ తర్వాత నీ మాటెత్తలేదు, బోర్డులు తప్ప ఏదీ వెయ్యలేదు. నీ ఉత్తరాలు రెండు వచ్చాయి. పిల్ల నడుస్తోందని రాశావు. చదివి పొయ్యిలో పెట్టాను.

క్షమించమని అడగను, కాదంటావని భయం. బొమ్మల డాక్టరుకి మాత్రం పైన రాసినట్టే చెప్పు. నీ ఎదురుగా కూర్చుని నీ నోటితో సరేననిపించుకుంటే గానీ నాకు ముద్ద దిగదు. ఆ డాక్టరు కంటే ముందే, ఇరవయ్యో తేదీ గురువారం పొద్దున బస్సుకి వస్తున్నాను.