మామయ్యగారి గది మీది మొక్కలు

ఏమండీ,

మీ నాన్నగారి శుభ్రత పుణ్యమా అని ఈ పూట మన మంచం మనది కాదు. దాని మీద ఆయన నిద్రపోతున్నారు, తలుపు చప్పుడు చెయ్యకండి. బట్టలు ఆయన గదిలో మార్చుకోండి. కాస్త ఉడికిపోతారు, సర్దుకోండి.

మొన్న డాబా మీద పరిచిన మట్టిలో, తన గదికి పైన అల్లుకున్న మొక్కలన్నీ కలుపని పీకేసి, మట్టిని తల దువ్వినట్టు చదును చేశారు కదా. "చల్లదనమంతా మట్టిదేనమ్మా, ఆకులు వట్టి అలంకారం" అన్నారు. ఇప్పుడు ఎండంతా ఆ ఉత్త మట్టి మీదే పడి, వేడి కప్పులోంచి గదిలోకి దిగుతోంది. మన గది పైన ఆకులు దట్టంగా నీడ పట్టి, తేమ వదులుతూ కప్పుని చల్లగా ఉంచుతున్నాయి. అయినా గది మారనని ఆయన పంతం. మధ్యాహ్నం కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నారు. బెదిరించి మరీ ఇటు తీసుకొచ్చాను.

తీగముక్కల కోసం అక్కా వాళ్ళింటికి వెళ్తున్నాను. ఎండ తగ్గాక ఆ మట్టి తడిపి ఉంచండి, రాగానే నాటుదాం. ఆయన లేస్తే ముందు మంచినీళ్ళివ్వండి. నవ్వకండి.

అన్నట్టు, పడుకున్నాక కప్పు వంక చాలాసేపు చూసి, "తప్పు నాదేనమ్మాయ్. వాడితో మాత్రం అనకు" అన్నారు. అననని మాటిచ్చాను. అందుకే రాశాను.